బీడు మేపి కర్బనం అమ్ముకోవచ్చా? రాజురా తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న పెద్దది. చదివేవాళ్లకు అర్థం కావాలని ముందు దాన్ని రెండు ముక్కల్లో చెప్తాను. మీది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా. మొత్తం 11 ఎకరాలు. అందులో 7 ఎకరాల రేగడిలో పత్తి, కంది, కొంచెం జొన్న. మిగిలిన 4 ఎకరాలు రాళ్లనేల, ఎప్పటినుంచో బీడు. రెండు ఎడ్లు, మూడు ఆవులు, 40 మేకలు ఉన్నాయి. ఈమధ్య ఒకాయన ఊళ్లోకి వచ్చి మీటింగ్ పెట్టి, బీడును ముక్కలు చేసి పశువుల్ని మార్చి మార్చి మేపితే నేలలో కర్బనం చేరుతుందని, ఎకరాకు ఏటా 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కన కార్బన్ క్రెడిట్లు (నేల పట్టిన వాయువుకు లెక్కకట్టి అమ్ముకునే పత్రాలు) వస్తాయని, జీవాలు ఇంకా పెంచితే ఇంకా మంచిదని చెప్పాడు. 20 ఏళ్ల కాగితం మీద సంతకం అడిగాడు. ఇది నిజమా, మోసమా అని నీ టెన్షన్. జొన్న పిలకలు మేపొచ్చా అని చివర్లో ఇంకొక ప్రశ్న.

నేను కొర్పనా, జివతి వైపు వాటర్‌షెడ్ పనుల్లో, మేత పనుల్లో చాలాకాలం తిరిగినవాణ్ణి. ఇప్పుడు సొంత చేను చూసుకుంటున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. మార్చి మేపే పద్ధతి మంచిదే, ఈ వానాకాలమే మొదలుపెట్టు. సంతకం మాత్రం ఇప్పుడు పెట్టకు. ఇంకా మేకలు కొనమన్న మాట అసలు పట్టించుకోకు.

కర్బనాన్ని నేలలో పెట్టేది పశువు కాదు, గడ్డి. ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి చక్కెర చేసుకుంటుంది. అందులో మంచి వంతు వేళ్లకు దిగుతుంది. వేళ్లు కొంత పెరుగుదలకు వాడుకుని, కొంత జిగురులా మట్టిలోకి వదులుతాయి. దాన్ని తిని సూక్ష్మజీవులు, బూజులు బతుకుతాయి, చస్తాయి. వాటి శరీరాలే మట్టి రేణువులకు అంటుకుని ఏళ్లపాటు నిలుస్తాయి. రేగడిలో బంకమట్టి ఎక్కువ కాబట్టి పట్టుకునే చోటు కూడా ఎక్కువే. పశువు చేసే పని మూడు రకాలు: పైన ముదిరిన ఆకును కొరికి కొత్త చిగురుకు దారి ఇస్తుంది, ఎండిన గడ్డిని తొక్కి నేలకు ఆనిస్తుంది, పేడ ఉచ్చ పోస్తుంది. ఈ మూడూ మేలు చేయాలంటే కొరికిన గడ్డికి మళ్లీ లేచే టైం దొరకాలి. అమెరికా వ్యవసాయ శాఖ 1955లో అచ్చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే. ఆకులో సగం దాకా తీస్తే వేరు పెరుగుదలకు పెద్దగా దెబ్బ లేదు. సగం దాటినకొద్దీ వేళ్లు ఆగిపోవడం మొదలవుతుంది. పదే పదే మొదలుదాకా గీకితే వేరే చస్తుంది. వేరు లేనిచోట కర్బనం ఎక్కడిది?

కాబట్టి ఈ పద్ధతిలో ఉన్న కీలకం మేపడంలో లేదు, ఆపడంలో ఉంది. ఆ మీటింగ్ పెట్టినాయన జీవాల గురించి అంతసేపు చెప్పి, నేలకు ఎన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలో ఒక్క ముక్క చెప్పలేదని నువ్వే రాశావు. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

ఈ ఆలోచన ఎక్కడిదో కూడా కొంచెం తెలుసుకో. ఫ్రాన్స్‌లో ఆంద్రే వొయసాన్ 1950ల్లో గడ్డి తిరిగి లేచే కాలాన్ని బట్టి పశువును జరపాలని రాశాడు. తర్వాత జింబాబ్వేకు చెందిన అలన్ సేవరీ దాన్ని ఎండు దేశాలకు తెచ్చాడు. సింహాల్లాంటి వేట జంతువులు తరుముతుంటే అడవి పశువులు గుంపుగా వచ్చి, తిని, తొక్కి, వెళ్లిపోయేవి, పచ్చిక బయళ్లు అలాగే పుట్టాయి, మనమూ అలా మేపాలి అన్నది ఆయన వాదన. 2013లో ఆయన ఉపన్యాసం ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. ఎడారులను ఆపొచ్చు, వాతావరణాన్ని వెనక్కి తిప్పొచ్చు అన్నంత దూరం వెళ్లాడు. గడ్డి బాగుపడుతుందన్న మాటకు రైతుల అనుభవాల్లో బలం ఉంది. వాతావరణాన్ని వెనక్కి తిప్పుతుందన్న మాటకు లేదు. 2017లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసే పరిశోధకుల బృందం ప్రపంచమంతటి లెక్కలు పోగేసి చూస్తే, మేపు ఎంత బాగా నడిచినా, అన్నీ కలిసొచ్చినా, మేసే పశువుల వల్ల వెలువడే, వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల్లో 20 నుంచి 60 శాతం దాకా మాత్రమే నేల తిరిగి పట్టగలదని తేలింది. అదీ కొన్ని దశాబ్దాలే. నేల నిండాక ఆ లాభం ఆగిపోతుంది, పశువు వదిలే మీథేన్ వాయువు ఆగదు.

ఇక ఎకరాకు 5 టన్నుల సంగతి. ఆ అంకె గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో పశువులను చిన్న మళ్లలో జరుపుతూ మేపిన ఒక అధ్యయనం 2018లో అచ్చయింది. నాలుగేళ్లలో హెక్టారుకు ఏటా 3.59 టన్నుల కర్బనం చేరిందని అందులో ఉంది. ఒక టన్ను కర్బనం అంటే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఎకరాకు మార్చి చూస్తే సరిగ్గా 5 టన్నుల చిల్లర వస్తుంది. ఆయన చెప్పిన అంకె ఈ అధ్యయనంలోదే అయి ఉంటుందని నా ఊహ. కానీ మిచిగన్ పెద్ద సరస్సుల మధ్య ఉన్న చల్లని రాష్ట్రం. అక్కడ గడ్డి పెరిగే కాలమంతా వాన పడుతుంది, మంచు కాలంలో కుళ్లడం ఆగిపోతుంది. మన చంద్రపూర్ మే నెల ఎండ సంగతి నీకు చెప్పాలా?

నీ మట్టి పరీక్ష కార్డు ఫొటో పెట్టావు కదా, సేంద్రియ కర్బనం 0.42 శాతం అని ఉంది. 0.5 కంటే తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని ఆ కార్డు లెక్క. ఇప్పుడు ఈ గుణకారం చూడు. ఒక ఎకరాలో అడుగు లోతు మట్టి, అంటే 30 సెంటీమీటర్లు, దాదాపు 1,580 టన్నులు ఉంటుంది. అందులో సేంద్రియ కర్బనం 0.1 శాతం పెరిగిందంటే 1.58 టన్నుల కర్బనం చేరినట్టు. కార్బన్ డయాక్సైడ్‌లో చెప్తే 5.8 టన్నులు. ఆయన చెప్పినట్టు ఏటా 5 టన్నులు చేరాలంటే నీ కార్డులో అంకె ఏటేటా సుమారు 0.09 చొప్పున ఎగరాలి. పదేళ్లకు 0.42 కాస్తా 1.3 అవ్వాలి. 20 ఏళ్లకు 2 దాటాలి. మన రాళ్ల బీడులో, ఎనిమిది నెలలు ఎండే నేలలో! మన దగ్గర మంచి చేతుల్లో పడ్డ నేల పదేళ్లలో 0.1, 0.2 శాతం పెరిగితే నేను సంతోషిస్తాను. అది చిన్నదేం కాదు. మట్టి గుల్లబారడం, వాన నీళ్లు దిగడం ఆ కొద్దిపాటి తేడాలోనే కళ్లకు కనబడతాయి.

ఇప్పుడు అసలు కష్టానికి వస్తాను. నీ 4 ఎకరాలు నీ పశువులకు ఎన్నాళ్లు సరిపోతాయి? మేకకు రోజుకు ఒక కిలో ఎండు మేత అనుకో, 40 కిలోలు. ఎద్దు, ఆవుకు ఆరేడు కిలోలు, ఐదింటికి 33 కిలోలు. మొత్తం రోజుకు 73 కిలోలు. వాన బాగా పడ్డ ఏడు బీడులో ఎకరాకు ఒకటిన్నర టన్ను ఎండుగడ్డి వస్తుందనుకుందాం. నాలుగెకరాలకు 6 టన్నులు. సగం వదిలెయ్యాలి కాబట్టి చేతికొచ్చేది 3 టన్నులు. అంటే 41 రోజుల మేత! ఏడాదిలో మిగతా పదిన్నర నెలలు నీ జీవాలు ఎక్కడ తింటున్నాయి? గాయరాన్‌లో (ఊరి ఉమ్మడి మేత భూమిలో), అడవి అంచున, చేల గట్ల మీద, కోసిన పొలాల్లో, కొట్టంలో సొప్ప మీద. నీ బీడును నువ్వు ఎంత శాస్త్రీయంగా మేపినా, ఆ ఆపిన రోజుల్లో మంద వెళ్లి గాయరాన్ మీద పడుతుంది. నీ నాలుగెకరాల్లో చేరిన కర్బనం అంత ఊరి భూమిలో కరిగిపోతే ఎవరికి ఏం ఒరిగింది? విదేశాల్లో రైతుకు వందల ఎకరాల కంచె ఒక్కడిదే ఉంటుంది. మన దగ్గర మేత భూమి అందరిదీ. ఆ తేడాను ఏ కంపెనీ కరపత్రంలోనూ చూడలేదు.

మేకల విషయం కూడా చెప్పాలి. ఈ పద్ధతి గురించి చదివేదంతా ఆవుల గురించి, కొంత గొర్రెల గురించి. మేక ముఖ్యంగా ఆకు మేసేది, ముందు కాళ్లెత్తి కొమ్మ వంచి తినేది. గడ్డి దాని రెండో ఇష్టం. నీ బీడులో రేగు, తుమ్మ పొదలు ఉంటే మేకలు వాటిని అదుపులో పెడతాయి, మంచిదే. గట్టు మీద నాటిన మొక్క ఉంటే మాత్రం ముందు దాని పని పడతాయి. గడ్డిని సమంగా కొరికే పని ఆవు, ఎద్దు, గొర్రె చేస్తాయి. అందుకే మేకలు పెంచితే కర్బనం పెరుగుతుందన్న మాటలో పస లేదు.

సరే, 4 ఎకరాల్లో ఏం చెయ్యాలి? తొలకరి పడగానే గడ్డి వేరులో దాచుకున్న తిండితోనే చిగురు వేస్తుంది. ఆ చిగురును కొరికితే పెట్టుబడి మొత్తం పోయినట్టే. కాబట్టి మొదటి మంచి వాన నుంచి కనీసం ఆరు వారాలు బీడులోకి ఏ కాలూ పెట్టనివ్వకు. ఇది ఒక్కటి చేస్తే సగం పని అయిపోయినట్టు. మిగతాదంతా దీని తర్వాతే. నాకు తెలుసు, మన దగ్గర మేతకు కరువు సరిగ్గా ఆ రోజుల్లోనే. మృగశిర కార్తెకు సొప్ప అయిపోతుంది, గడ్డి ఇంకా లేవదు. అందుకని ఏర్పాటు ఫిబ్రవరి, మార్చిలోనే చేసుకోవాలి. సోయా పొట్టును ఎవరైనా కాలబెడుతుంటే అడిగి తెచ్చి పెట్టుకో, కంది పొట్టు మేకలకు బాగా పనికొస్తుంది, ఎండలో రాలిన తుమ్మకాయలు ఏరించు. సుబాబుల్ ఆకు ఉంటే వాడు, కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకు. అందులో మైమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి.

ఆరు వారాల తర్వాత బీడును ఎనిమిది ముక్కలు చెయ్యి. రాతి గోడలు, ముళ్ల కంచెలు అక్కర్లేదు. అడవి పందుల కోసం మీ వైపు అందరూ పెట్టుకునే, తీగ ముట్టుకుంటే షాక్ కొట్టే సోలార్ ఝట్కా మషీన్ ఉంది కదా, అదే చాలు. ఒక్క తీగ, చేత్తో పీకి మళ్లీ పాతే గూటాలు. ఎద్దు, ఆవు రెండు రోజుల్లో నేర్చుకుంటాయి. మేకకు మాత్రం రెండు మూడు తీగలు కావాలి, అది కింద నుంచీ దూరుతుంది. ఒక్కో ముక్కలో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకు. మళ్లీ అదే ముక్కకు 30 రోజుల లోపు రాకు. గడ్డి ఎత్తు బెత్తెడు మిగిలి ఉండగానే జరుపు. రోజుల లెక్క కంటే ఆ బెత్తెడే ముఖ్యం. వాన మొహం చాటేస్తే 30 కాస్తా 50 రోజులు చెయ్యి, అప్పటికీ లేవకపోతే ఆ ముక్క వదిలెయ్యి.

ఇందులో నాకు బాగా నచ్చిన లాభం కర్బనం కాదు, నట్టలు (కడుపులో పురుగులు) తగ్గడం. జీవాల పేడలో పడ్డ నట్టల గుడ్లు వానాకాలపు తడిలో నాలుగైదు రోజుల నుంచి వారం లోపు పిల్లలై గడ్డి మీదకు ఎక్కుతాయి. ఆలోపు మంద పక్క ముక్కకు జరిగితే ఆ పిల్లలకు తినేవాడు దొరకడు. నెల, నెలన్నర ఎండకు చాలావరకు చస్తాయి. నట్టల మందు ఖర్చు తగ్గుతుంది. ఇంకో మాట, ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ ఇచ్చిన పశువు పేడలో ఆ మందు కొన్నాళ్లు దిగుతూనే ఉంటుంది. పేడను ఉండలు చేసి భూమిలోకి దింపే పేడపురుగుల పిల్లలు దానికి చస్తాయి. ఖర్చు లేకుండా ఎరువును మట్టిలో కలిపే కూలీలు అవి. అవసరం ఉన్నప్పుడే, డాక్టర్ చెప్పినప్పుడే ఆ మందు వాడు.

రేగడి తడిసి ముద్దగా ఉన్న రోజు మాత్రం పశువును దింపొద్దు, నీ రాళ్లనేల పక్కన పల్లంలో రేగడి ఉందన్నావు. బంకమట్టిని గిట్ట తొక్కితే గట్టిపడి నీళ్లు దిగవు. కాలు వేస్తే చెప్పుకు మట్టి అంటని రోజే మేపు రోజు.

గింజల సంగతి. దక్కను రేగడి పచ్చికల్లో సహజంగా ఉండే మంచి గడ్డి మార్వెల్, మహారాష్ట్ర అంతా ఆ పేరుతోనే దొరుకుతుంది. మీ బీడులో ఇంకా అక్కడక్కడా ఉండొచ్చు, ఆరు వారాలు ఆపితే అదే పైకి వస్తుంది. రాళ్లనేలలో స్టైలో హమాటా చల్లు, అది పప్పుజాతి, గాలిలోని నత్రజనిని తనే తెచ్చుకుంటుంది. గింజ పెంకు గట్టిది, వేడి నీళ్లలో ముంచి తీసి చల్లాలి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకించు, ఏ పశువూ దాన్ని ఇష్టంగా తినదు, మార్చి మేపితే అదే పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూల కోసం చెట్ల కింద ఆకులు అంటిస్తారు కదా, ఆ మంట నీ బీడులోకి రాకుండా నాలుగు బారల వెడల్పున గీకి పెట్టుకో. ఏడాది కష్టం ఒక మధ్యాహ్నంలో పోతుంది.

నిజానికి నన్నడిగితే, కర్బనం పెరిగే అవకాశం ఎక్కువ ఉన్నది నీ 4 ఎకరాల బీడులో కాదు, 7 ఎకరాల పత్తి చేలో. పత్తి తీశాక ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆ నేల బట్టలేకుండా ఎండలో కాలుతుంది. కట్టె పీకి కుప్పేసి అంటిస్తారు. అక్కడ పశువును వాడు. చివరి ఏరుడు అయ్యాక చేలో గొర్రెలు, మేకలు, పశువులను తోలి మిగిలిన కాయలు, ఆకు మేపమని నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ వాళ్లు కూడా చెప్తారు, గులాబీ రంగు పురుగు ఆ కాయల్లోనే దాగి మళ్లీ ఏటికి వస్తుంది కాబట్టి. మందు కొట్టిన చేనైతే సీసా మీద రాసిన గడువు దాటాకే తోలు. కట్టెను కాల్చకుండా రోటావేటర్‌తోనో ష్రెడ్డర్‌తోనో ముక్కలు చేయించు. ఊళ్లో నలుగురు కలిస్తే ఎకరాకు అయ్యే ఖర్చు తగ్గుతుంది.

దాని మీద మంద పెట్టించు. మీ రాజురా చుట్టుపక్కల కురుమల మందలు ఇంకా తిరుగుతున్నాయి. ఎండాకాలంలో రాత్రిళ్లు చేలో గొర్రెల్ని పడుకోబెట్టించడం మన పెద్దల కాలం నుంచీ ఉన్నదే. ఉచ్చ కూడా నేలకే దక్కుతుంది, కొట్టంలో అది సగం పోతుంది. కురుమాయనతో బేరం ముందే చేసుకో, ధాన్యమా డబ్బా, ఎన్ని రాత్రులు, మందకు నీళ్లు ఎవరు చూస్తారు. మీ దగ్గర పులి భయం ఉంది కాబట్టి అడవి అంచు చేలో పెట్టించకు, ఊరికి దగ్గరి చేలో పెట్టించు. చిటుకు రోగం టీకా వానలకు ముందే వేయించారా అని కూడా అడుగు, ఎందుకంటే కొత్త పచ్చిక మేసినప్పుడే అది విరుచుకుపడుతుంది.

అయితే కర్బనం లెక్క రాసేవాళ్లు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. మంద తెచ్చిన ఎరువు నీ చేలో కర్బనం పెంచుతుంది, నిజమే. కానీ ఆ ఎరువు పగలు గాయరాన్‌లో తిన్న గడ్డి. అక్కడి కర్బనం ఇక్కడికి మారింది, గాలిలోంచి కొత్తగా ఏమీ రాలేదు. నీ పంటకు లాభం, వాతావరణానికి సున్నా. చేలో కంది వేసి, దాని వేరు లోతుకు దిగి, ఆకు రాలి పేరుకుంటే అది గాలిలోంచి కొత్తగా వచ్చిన కర్బనం. పత్తిలో నాలుగైదు సాళ్లకు ఒక కంది సాలు తప్పకుండా వెయ్యమని అందుకే అంటాను.

కొలవడం గురించి అడిగావు. ఇది రేగడిలో చిక్కు పని. మీ దగ్గర చున్‌ఖడి నేల ఉంది కదా, తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు వస్తాయి. వాటిలోనూ కర్బనమే ఉంది, కానీ అది రాతి కర్బనం, దానికీ గడ్డికీ సంబంధం లేదు. మట్టిని కొలిమిలో కాల్చి కొలిచే యంత్రం ఆ రెండింటినీ కలిపి చూపిస్తుంది, ముందు ఆమ్లంతో సున్నాన్ని తీసేస్తే తప్ప. మన మట్టి కార్డు ల్యాబుల్లో వాడే వాక్లీ-బ్లాక్ పద్ధతి సేంద్రియ కర్బనాన్నే చూస్తుంది, నీ అవసరానికి అది చాలు. రెండోది, రేగడి తడికి ఉబ్బి ఎండకు పగులుతుంది. ఒకే చోట మే నెలలో, ఆగస్టులో తవ్విన అడుగు మట్టి బరువు ఒకటి కాదు. కాబట్టి ప్రతిసారీ ఒకే నెలలో, ఒకే లోతులో, కనీసం పది చోట్ల తీసి కలిపి పంపు. చెట్టు నీడ, మంద పడుకున్న చోటు, పెంట కుప్ప దగ్గర తీయకు. మూడేళ్లకోసారి చాలు. ఏడాది తేడా ల్యాబ్ పొరపాటులోనే కలిసిపోతుంది.

ఇప్పుడు డబ్బులు. 4 ఎకరాల్లో 0.1 శాతం పెరిగితే మొత్తం 23 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అది ఎనిమిదేళ్లలో జరిగిందనుకో, ఏటికి 3 టన్నుల లోపు. టన్నుకు 1,000 రూపాయలు అనుకున్నా, ఇది ఊరికే అనుకోవడమే సుమా, ఏటికి 3,000. అందులో కంపెనీ వాటా, తనిఖీ ఖర్చు, మధ్యలో నష్టపోతే ఉండాలని పక్కన పెట్టే క్రెడిట్లు పోవాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆ డబ్బుతో బోరు వేద్దామని మీ నాన్న అంటున్నాడని రాశావు. వద్దని చెప్పు.

అదే కాగితంలో రెండో వైపు చూడు. ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006 లెక్కల్లో మనలాంటి దేశాల్లో మేకకు, గొర్రెకు ఏటా 5 కిలోల మీథేన్, పాలివ్వని పశువుకు 27, గేదెకు 55. మీథేన్ కిలోకు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం అని వేస్తారు. నీ 40 మేకలకు 200 కిలోలు, ఐదు పశువులకు తక్కువలో తక్కువ 135. కలిపి 335 కిలోలు, అంటే ఏటికి 9 టన్నుల పైన. బీడు పట్టేది 3 టన్నులు. అయ్యో నా మేకలు పాపం చేస్తున్నాయా అని అనుకోకు. అవి ఎలాగూ ఉన్నాయి, నీ ఇల్లు వాటి మీద నడుస్తోంది. ఉన్న మందను బాగా మేపి నేల బాగుచేసుకోవడం లాభమే. కానీ క్రెడిట్ కోసమని ఇంకో 40 కొంటే ఏటికి ఇంకో 5.6 టన్నులు గాలిలోకి చేర్చినట్టు. ఆ కొత్త మేకలకు ఈ క్రెడిట్ లెక్కలో చోటేమిటో ఆయన్ని అడుగు.

కాగితం గురించి. నీ సాత్‌బారాలో (భూమి రికార్డులో) నీ పేరు ఒక్కటే ఉందా, పెదనాన్నల పేర్లు కూడా ఉన్నాయా? ఉంటే అందరి సంతకాలూ కావాలి. 20 ఏళ్లలో పత్తి ధర పెరిగి నువ్వు ఆ బీడు దున్నావనుకో, దుక్కి వల్ల చేరిన కర్బనం కొంత మళ్లీ గాలిలో కలుస్తుంది. అప్పుడు ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టాలా? భూమి అమ్మితే? వరుసగా రెండేళ్లు వాన లేకపోతే? కాగితం మరాఠీలో ఉందా, ఇంగ్లీషులో ఒక్కదాన్లోనే ఉందా? ఏ ప్రమాణం కింద నమోదు, క్రెడిట్లు నమోదు చేసే ఆ రిజిస్ట్రీలో ప్రాజెక్టు నంబరు ఎంత? నంబరు చెప్పలేకపోతే మాట్లాడ్డం అక్కడితో ఆపెయ్యి. సంతకానికి డబ్బు అడిగితే అసలు మొదలే పెట్టకు. కేంద్రం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ ప్రకటించింది కాబట్టి ఇది సర్కారు పథకమే అని ఎవరైనా అంటే, ఆ పేరు చెప్పి తప్పించుకోనివ్వకుండా కాగితం మీద ఏముందో చూపించమను.

ఇంకొకటి, చాలా ముఖ్యం. ఆ మీటింగ్‌లో గాయరాన్‌ను కూడా ప్రాజెక్టులో కలుపుదామన్నాడని రాశావు. గాయరాన్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తీయించమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అడవిలో మేపుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది, ఊరూరా తిరిగే మందలకు కూడా. అలాంటి భూమిని 20 ఏళ్లు ఫలానా విధంగానే మేపాలని రాసిస్తే రేపు కురుమ మందను ఎవరు రానిస్తారు? కెన్యా ఉత్తరాన ఇలాంటి పెద్ద పచ్చిక కర్బనం ప్రాజెక్టు నడిచింది. తరతరాల మేపు పద్ధతిని మార్చేస్తున్నారని, స్థానికుల ఒప్పుకోలు సరిగ్గా లేదని విమర్శలొచ్చాక 2023లో క్రెడిట్లు ఇచ్చే వెర్రా సంస్థ దాన్ని సమీక్షకు పెట్టింది. గాయరాన్ మీద నిర్ణయం గ్రామసభలో, కురుమలు, భూమి లేని మేకలవాళ్లు కూర్చున్న సభలోనే జరగాలి.

ఆ సభలో కంపెనీ లేకుండానే ఒక పని చేసుకోవచ్చు. మహారాష్ట్రలో చరాయీబందీ అంటే అందరికీ తెలుసు, అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలోని హివ్రేబాజార్ అనే ఊరు దానితోనే పేరు తెచ్చుకుంది. పశువును పూర్తిగా ఆపి గడ్డి కోసుకుపోయే పద్ధతి అది. మేకలు మాత్రమే ఉన్న ఇంటికి అది కష్టం. పూర్తిగా బంద్ పెట్టే బదులు గాయరాన్‌ను మూడు ముక్కలు చేసి, ప్రతి ఏడూ ఒక ముక్కను జూన్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఆపండి. మూడేళ్లలో అన్నింటికీ ఒక వానాకాలం విశ్రాంతి దొరుకుతుంది. కాపలా కూలి ఊరంతా పంచుకోవాలి. పేచీలు వస్తాయి, మొదటి ఏడు తప్పకుండా వస్తాయి.

చివరగా జొన్న. కోసిన జొన్నలో వచ్చే పిలకలను మేపొద్దు, ముఖ్యంగా మోకాలు ఎత్తు లోపల, బెట్టకు వాడినవి. వాటిలో సైనైడ్ విషం ఉంటుంది, మన పెద్దలు నాము తగిలింది అనేవారు. పశువు ఊపిరాడక, నోట నురగతో నిమిషాల్లో పడిపోతుంది. మేపాలంటే పూతకు వచ్చాక, లేదా కోసి బాగా ఎండబెట్టాక. అనుకోకుండా మందలో ఏదైనా దూరి తింటే సోడియం థయోసల్ఫేట్ ఇంజక్షన్ వెంటనే పడాలి. అది మీ దగ్గరి పశువుల దవాఖానాలో స్టాకు ఉందో లేదో ఇప్పుడే వెళ్లి కనుక్కో, డాక్టర్ ఫోన్ నంబరు కూడా కొట్టం తలుపు మీద రాసి పెట్టు.